కెప్టెన్‌గారి ఆదివారం కుండ

మంగళవారం ఉదయం తొమ్మిది గంటలకు, తెనాలి బోసు రోడ్డులో కళ్ళజోళ్ళ దుకాణం పక్కనున్న ఇరుకు మెట్లెక్కి ఒక అమ్మాయి పైకి వచ్చింది. గుమ్మం దగ్గర కుర్చీలో ఉన్న కృపారావును చూడగానే చేతులు జోడించింది.

"డిటెక్టివ్‌గారూ, మా నాన్నను మీరే కాపాడాలండి."

కృపారావుకు ఇది అలవాటే. అరవై ఒక్క ఏళ్ళ వయసు, గుబురు మీసాలు, ముప్ఫై రెండేళ్ళు పోలీసు ఉద్యోగం చేసి హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరైన ఒడ్డూ పొడుగూ చూసి వచ్చినవాళ్ళంతా ఆయనే డిటెక్టివ్ అనుకుంటారు. ఆయన మీసం దువ్వుకుని, ఆ గౌరవాన్ని ఒక్క క్షణం అనుభవించి, లోపల కిటికీ పక్కన పెసరట్టు తింటున్న స్త్రీని చూపించాడు.

"డిటెక్టివ్ ఆవిడమ్మా. నేను ఆవిడ వెనకాల సంచీ మోసేవాణ్ణి."

కరుణశ్రీ నవ్వి చెయ్యి కడుక్కుంది. నలభై దాటిన మనిషి. పన్నెండేళ్ళు నేరపరిశోధన ప్రయోగశాలలో పనిచేసి, ఒకరి కింద పని తన ఒంటికి పడదని తేల్చుకుని సొంతంగా ఈ వృత్తిలోకి దిగింది. ఆమెకు తెలియని సంగతి భూమ్మీద లేదని కృపారావు నమ్మకం. ఆ మాట ఆయన చర్చిలో కూడా చెబుతుంటాడు.

"కూర్చోమ్మా. ముందు మంచినీళ్ళు తాగు. పేరేంటి?"

"శరణ్యండి. మాది చెరుకుపల్లి దగ్గర. రేపల్లెలో బళ్ళో పాఠాలు చెప్తాను. మా నాన్న సుందరయ్య, కల్లు గీస్తాడండి. ఆదివారం సాయంత్రం పోలీసులు తీసుకుపోయారు."

నీళ్ళు తాగాక ఆమె గొంతు కుదుటపడింది. బాపట్లలో కెప్టెన్ భాస్కరరావు అని ఒక పెద్దాయన ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళు ఓడల్లో దేశదేశాలు తిరిగి, వెళ్ళిన ప్రతి రేవులోనూ అక్కడివాళ్ళు తాగే సొంత సరుకు ఏమిటో కనుక్కుని, ఒక సీసానో జాడీనో వెంట తెచ్చుకున్నాడు. ఇంటి పై అంతస్తంతా అవే. సుందరయ్య ప్రతి ఆదివారం మొదటి బస్సుకు వెళ్ళి ఆయనకు ఒక కుండ ఇచ్చి వస్తాడు. మొన్న ఆదివారం కూడా ఇచ్చాడు. పదకొండున్నరకు వంటమనిషి వచ్చి చూస్తే కెప్టెన్ మెట్ల కింద తల పగిలి స్పృహ లేకుండా పడి ఉన్నాడు. పక్కనే ఒక పెద్ద జాడీ ముక్కలై ఉంది. కుండ అడుగున మిగిలినదాన్ని పరీక్ష చేయిస్తే నిద్రమాత్రల పొడి తేలింది.

"మత్తెక్కాలని కల్లులో మాత్రలు కలిపాడంటున్నారండి. పేపర్లో కూడా కల్తీ కల్లు అనే వేశారు."

"మీ నాన్న ఏమంటున్నాడు?"

"అదేనండి నా బాధ. 'నేనేమీ కలపలేదు' అని ఒక్క ముక్క చెప్పి నోరు కుట్టేసుకున్నాడు. ఇంకేం అడిగినా తల దించుకుంటున్నాడు."

ఆమె కళ్ళు తుడుచుకుంది. "పన్నెండు చెట్లండి మాకు. రోజూ గెల చివర పల్చగా చెక్కాలి, లేకపోతే ఎండిపోద్ది. ఆదివారం నుంచీ కత్తి పడలేదు. ఒకరి చెట్టు ఇంకొకరు ఎక్కరండి మా దగ్గర, చెట్టు మనిషి నోటితో చెప్తేనే ఎక్కుతారు. ఈయనేమో దేనికీ నోరు విప్పట్లేదు. చెట్లు పోతే ఈ ఏడు పోద్ది, అంతే. కానీ కల్తీగాడని పేరు పడితే మా నాన్న బతకడండి. ముప్ఫై అయిదేళ్ళలో ఆయన కుండలో నీళ్ళ చుక్క పడిందన్నవాడు లేడు."

కరుణశ్రీ కాసేపు కిటికీలోంచి రోడ్డు వంక చూసింది.

"బాపట్ల చుట్టూ తాటిచెట్లకు కరువేం లేదే. ఆ కుండ అంత దూరం నుంచి, మీ నాన్నే తేవాలని ఎందుకు?"

"కెప్టెన్‌గారిది మా ఊరేనండి. చిన్నప్పుడు కలిసి తిరిగారు."

"ఎన్నాళ్ళ నుంచి తీసుకెళ్తున్నాడు?"

"పద్నాలుగు నెలలవుతుందండి."

"చిన్నప్పటి స్నేహం పద్నాలుగు నెలల కిందట గుర్తొచ్చిందన్నమాట" అని కరుణశ్రీ లేచింది. "బాబాయ్, సంచీ తీసుకో. పది గంటల బండి దొరుకుతుంది."

కృపారావు మొహం అప్పటికే ముడుచుకుపోయింది. ఆయన లూథరన్ కుటుంబంలో పుట్టి, జన్మలో మందు ముట్టనివాడు. దగ్గు మందు కూడా సీసా మీద రాసింది చదివి తాగుతాడు. రైలు చుండూరు దాటేదాకా కల్లు వల్ల చెడిపోయిన సంసారాల కథలు చెబుతూనే ఉన్నాడు. కరుణశ్రీ ఊఁ కొడుతూ వేరుశనక్కాయలు ఒలుచుకు తింది.

బాపట్లలో ముందు సుందరయ్యను చూశారు. సన్నగా, చెట్టెక్కే మోకు రాసుకుని కాయలు కాచిన చేతులతో గోడకానుకుని కూర్చున్నాడు.

"సుందరయ్యగారూ, ఆ కుండలో ఏముంది?" అంది కరుణశ్రీ.

"నేనేమీ కలపలేదమ్మా."

"కలిపారా అని నేనడగలేదు. ఏముంది అని అడిగాను."

సుందరయ్య తలెత్తి ఆమెను కొత్తగా చూశాడు. "పెద్దాయన లేచాక ఆయన్నే అడగండమ్మా" అని మళ్ళీ నేల చూశాడు.

ఎస్సై కుర్రవాడు, మర్యాదస్తుడు. కృపారావు పాత సర్వీసు సంగతి తెలిసి కుర్చీ వేయించాడు, కుండ తెప్పించి చూపించాడు. మామూలు ఎర్రమట్టి కుండ. లోపల అడుగు నుంచి మెడ దాకా తెల్లటి పొర పట్టి ఉంది.

"చూశారా మేడమ్, ఆ తెల్లదంతా మాత్రల పొడే అయ్యుంటుంది. ఎంత కలిపాడో!"

కరుణశ్రీ ఆ పొరను గోటితో గీకి, వేళ్ళ మధ్య నలిపి చూసింది. థాంక్స్ చెప్పి లేచింది.

కెప్టెన్ ఇల్లు విశాలంగా, శుభ్రంగా ఉంది. తలుపు తీసింది వంటమనిషి ఫ్లోరెన్స్. యాభై ఏళ్ళుంటాయి. కృపారావు ఆమె మెళ్ళో సిలువ చూసి ఏ సంఘమో కనుక్కుని, ఇద్దరికీ తెలిసిన పాస్టరుగారి కుశలం అడిగేసరికి ఆమె బెరుకు సగం పోయింది.

"ఆదివారం ఏం జరిగిందో చెప్పు ఫ్లోరెన్సమ్మా" అంది కరుణశ్రీ.

"ఎనిమిదింటికి సుందరయ్య కుండిచ్చి వెళ్ళాడండి. దాన్ని వరండాలో తడి గోనె చుట్టి పెట్టి నేను చర్చికెళ్ళాను. పదకొండున్నరకి వచ్చేసరికి అయ్యగారు మెట్ల కింద పడున్నారు. జాడీ పగిలి వరండా దాకా పారింది. కాళ్ళు తడిశాయండి నాకు."

"ఈ సీసాలతో నీకు చాలా ఇబ్బందేమో."

"అబ్బ, చెప్పకండి! అయ్యగారి స్నేహితుడు, రిసార్టు మధుబాబుగారి కోసం ఒక్క మూత తీసినా వంటింటి దాకా కొడుతుందండి కంపు. కొంగు ముక్కుకు కట్టుకుని తుడుస్తాను."

"ఆదివారం కూడా కట్టుకునే తుడిచావా?"

ఫ్లోరెన్స్ ఆలోచించింది. "ఏమోనండి. రక్తం చూసి గుండె ఆగినంత పనైంది. పోలీసులు చూసెళ్ళాక సాయంత్రం తుడిచాను... లేదండి, కట్టుకోలేదు. కంపు గుర్తు లేదు. ఆ గుడ్డతోనే మర్నాడు పొయ్యి గట్టు కూడా తుడిచాను."

"ఆ కుండలోది నువ్వెప్పుడైనా రుచి చూశావా?"

"ఛీ ఛీ, నేనెందుకు ముడతానండి!"

పైన కెప్టెన్ మేనల్లుడు ఆకాష్ కనిపించాడు. ముప్ఫై ఏళ్ళవాడు, ఇంట్లోంచే కంప్యూటర్ ఉద్యోగం చేసుకుంటూ మావయ్య సీసాల గురించి వీడియోలు తీస్తుంటాడు. శనివారం రేపల్లెలో స్నేహితుడి పెళ్ళికి వెళ్ళి, ఆదివారం సాయంత్రం పరిగెత్తుకొచ్చాడు. ఆ పెళ్ళిలో అతణ్ణి రెండొందల మంది చూశారు.

గది నాలుగు గోడలా అరలు. ప్రతి సీసాకూ కెప్టెన్ సొంత దస్తూరీతో చీటీ. బల్ల మీద ఒక లావుపాటి పుస్తకం ఉంది. కరుణశ్రీ దాన్ని తెరిచి, కృపారావు కోసం పైకి చదివింది.

"'మెక్సికో పుల్కే. కలబందలాంటి పెద్ద మొక్క గుండెను తొలిచి, ఊరిన రసాన్ని పులియబెడతారు. మన తాటికల్లుకు దూరపు చుట్టం, కాకపోతే జిగురెక్కువ.' 'కొరియా మక్గొల్లి. గంజి తాగుతున్నట్టే ఉంటుంది, లేచి నిలబడ్డాక తెలుస్తుంది.' 'గోవా ఫెనీ. ముంతమామిడి పండు వాసన మూడు రోజులు చొక్కాను వదల్లేదు.' 'ఘనాలో చెట్టును పడగొట్టి కల్లు తీస్తారు. మన సుందరయ్య చూస్తే ఏడుస్తాడు.' బాగా రాశాడు బాబాయ్ పెద్దాయన."

"తాగుబోతులంతా బాగానే రాస్తారమ్మా" అన్నాడు కృపారావు ఒప్పుకోకుండా.

కరుణశ్రీ పేజీలు తిప్పుతూ చివరి భాగం దగ్గర ఆగింది. అక్కడ కూడా కొత్త సీసాల గురించి ఉంది. ఎవరు తెచ్చి ఇచ్చారు, ఆ దేశంలో ఎలా తయారు చేస్తారు, ఏ పండక్కి తాగుతారు, అంతా ఉంది. రుచి గురించి మాత్రం ఒక్క మాట లేదు. రుచి రాసిన ఆఖరి పేజీ మీద తేదీ పద్నాలుగు నెలల కిందటిది.

"పగిలిన జాడీ ఏంటి ఆకాష్?"

"అవమోరి అండి. జపాన్లో ఒకినావా దీవుల సరుకు. బియ్యంతో కాచి, మట్టి జాడీలో ఏళ్ళ తరబడి ఊరబెడతారు. మావయ్యది ముప్ఫై ఏళ్ళది. ఆయన ప్రాణం అది. వచ్చే ఆదివారం పాత ఓడ స్నేహితులు ఆరుగురు వస్తున్నారు, వాళ్ళ ముందు తెరుద్దామనుకున్నాడు. శనివారం పొద్దున మధుబాబుగారికి కూడా నా ముందే ఫోన్లో చెప్పాడు."

"ఈ పెద్ద జాడీలు ఎప్పుడూ ఇక్కడే ఉంటాయా?"

"నిరుడు వానల్లో ఈ గది కురిసిందండి. శ్లాబు బాగుచేయించే రెండు నెలలూ నాలుగు పెద్ద జాడీలూ మధుబాబుగారి రిసార్టులో ఏసీ గదిలో పెట్టాం."

"ఆదివారం కుండ నువ్వెప్పుడైనా రుచి చూశావా?"

ఆకాష్ నవ్వాడు. "చుక్క పొయ్యడండి. ఎవరొచ్చినా పైనున్న ఏ సీసా అయినా తీసిస్తాడు. కుండ జోలికి మాత్రం రానివ్వడు. 'ఇది నాది, మీకు పైన ప్రపంచమంతా ఉందిగా' అంటాడు."

మధుబాబు రిసార్టు సూర్యలంక దారిలో ఉంది. తెల్ల చొక్కా, చేతికి బంగారు గొలుసు, నోటి నిండా మాటలు. కెప్టెన్‌కు పదేళ్ళ స్నేహితుణ్ణని చెప్పి కళ్ళు ఒత్తుకున్నాడు.

"ఆదివారం పదింటికి వెళ్ళానండి, ఎప్పుడూ వెళ్ళేదే. ఇద్దరం చెరో గ్లాసు తాగాం. ఆ రోజు కల్లు మామూలుగా లేదు మేడమ్. మహా ఘాటు! నాలిక మీద చురుక్కుమని, ముక్కులోకి ఎక్కింది. నాకు తల తిరుగుతుంటే పావుగంటకే లేచి వచ్చేశాను. ఇక్కడికొచ్చి పడుకుంటే మధ్యాహ్నం రెండింటికి మెలకువొచ్చింది. నేను బతికి బయటపడ్డానంటే మా అమ్మ పూజాఫలం. ఆయన పాపం ఆ మత్తులో జాడీ పట్టుకుని మెట్లు దిగబోయినట్టున్నాడు."

"మీరు ప్రతివారం ఆ కుండలోదే తాగుతారా?"

"మరి! మా ఇద్దరికీ అదే అలవాటు."

"ఆదివారం తాగింది కూడా పుల్లగా, ఘాటుగా ఉంది. మీకు బాగా గుర్తు."

"ఎన్ని చోట్లయినా చెప్తాను మేడమ్. ఆ సుందరయ్యగాణ్ణి వదలకూడదు."

బయటికొచ్చాక కృపారావు ఆగలేకపోయాడు. "ఇతని మాట చూస్తే సుందరయ్య మెడకు ఉరి బిగిసినట్టేనమ్మా."

"ఉరి బిగిసింది బాబాయ్. మెడ ఎవరిదో రేపు చూద్దాం" అంది కరుణశ్రీ హుషారుగా. ఆమెకు అలాంటి హుషారు వచ్చిందంటే పని అయిపోయినట్టేనని కృపారావుకు తెలుసు. ఎలా అయిపోయిందో మాత్రం, ఎప్పటిలాగే, తెలియలేదు.

తిరిగి వచ్చాక ఆమె తెనాలిలో కెప్టెన్ ఉన్న ఆసుపత్రికి వెళ్ళింది. ఆయనకింకా స్పృహ రాలేదు. ప్రాణానికి ఫరవాలేదంది డాక్టరమ్మ.

"రక్తంలో నిద్రమాత్ర ఉంది. ఆల్కహాలు ఎంతుంది డాక్టర్?"

"అది విడిగా చూడలేదండి. ఆయన సంగతి అందరికీ తెలిసిందేగా. సాయంత్రం చూడ్డానికి వచ్చిన మధుబాబుగారు తాగి పడ్డారని చెప్పారు, కేసు కాగితంలో అదే రాశాం."

"వచ్చినప్పుడు తీసిన రక్తం మిగిలుందా?"

"ఉంది, దాచాం."

"అందరికీ తెలిసిన సంగతిని ఒక్కసారి పరీక్ష చేయించండి. ఎస్సైగారి చేత ఉత్తరం పంపిస్తాను" అంది కరుణశ్రీ.

బుధవారం మధ్యాహ్నం మూడింటికి, కెప్టెన్ ఇంట్లో సీసాల గదిలో అందరూ చేరారు. ఆకాష్, ఫ్లోరెన్స్, శరణ్య గోడ వారగా ఉన్నారు. మధుబాబు ఉన్నవాటిలో మంచి కుర్చీ చూసుకుని కూర్చున్నాడు. ఎస్సై కుండను బల్ల మీద పెట్టించాడు. ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య సుందరయ్య నిలబడ్డాడు. పక్కన మూడు పెద్ద జాడీలు కిందకి దింపి ఉన్నాయి.

"మధుబాబుగారూ, ఆదివారం సంగతి ఇంకోసారి చెప్పండి" అంది కరుణశ్రీ.

మధుబాబు చెప్పాడు. ఘాటు, చురుకు, ముక్కులోకి ఎక్కడం, ఏదీ వదల్లేదు. ఎస్సై రాయించుకుని సంతకం కూడా పెట్టించుకున్నాడు.

కరుణశ్రీ సుందరయ్య వైపు తిరిగింది. "మీరు ఎవరికో మాటిచ్చారు. దాన్ని తప్పమని నేనడగను. నాకు తెలిసింది నేను చెప్తాను, మీరు ఊరికే నిలబడండి చాలు."

సుందరయ్య కళ్ళలో భయం కనపడింది. లాకప్పులో కూడా అంత భయపడలేదు ఆయన.

కరుణశ్రీ చెంచాతో కుండ లోపల గీకి, రాలిన తెల్లపొడిని కాగితం మీద పోసింది. "ఎస్సైగారూ, కుండంతా పట్టడానికి నిద్రమాత్రలు బస్తాలకొద్దీ కావాలి. ఇది సున్నం. శరణ్యా, చెట్టుకు కట్టే కుండలో సున్నం ఎందుకు పూస్తారు?"

శరణ్య నోరు తెరిచింది. "నీరాకండి! సున్నం పూస్తే రసం పులవదు. కల్లు కుండకి సున్నం తగలనే తగలనివ్వరు." ఆమె తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, నువ్వు ఇన్నాళ్ళూ ఆయనకి తీసుకెళ్ళేది నీరానా?"

సుందరయ్య తల దించుకున్నాడు. కాదనలేదు.

"పిల్లలు తాగే తియ్యటి రసం. చుక్క మత్తుండదు" అంది కరుణశ్రీ. "తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. మనమంతా అదే పని చేశాం. కెప్టెన్ చేతిలో గ్లాసుంది కాబట్టి అందులో మందే ఉంటుందనుకున్నాం. పేపర్లు అనుకున్నాయి, ఆసుపత్రి అనుకుంది. ఆయన తాగడం మానేసి పద్నాలుగు నెలలైంది. ఈ పుస్తకంలో అప్పట్నుంచి ఒక్క రుచీ రాయలేదు. నిన్న రక్తం పరీక్ష చేయించాం. నిద్రమాత్ర ఉంది. ఆల్కహాలు లేదు."

ఆకాష్ కూలబడ్డాడు. "మావయ్యా? మానేశాడా? మరి నాకెందుకు చెప్పలేదు?"

"లోకమంతా తాగినవాణ్ణని పేరు తెచ్చుకున్న మనిషి. ఒంటికి పడక మానేశానని చెప్పుకోవడం నామోషీ అనిపించి ఉంటుంది. తాగేవాళ్ళు తాగడాన్ని దాచడం చూశాం. ఈయన తాగకపోవడాన్ని దాచాడు. బాపట్లలో ఎవరి దగ్గర నీరా తెప్పించుకున్నా సాయంత్రానికల్లా ఊరంతా తెలుస్తుంది. అందుకే ఎక్కడో ఉన్న బాల్య స్నేహితుణ్ణి పట్టుకుని ఒట్టు వేయించుకున్నాడు. కుండ ఎవర్నీ ముట్టనివ్వలేదు."

ఆమె మధుబాబు కుర్చీ ముందుకు వచ్చి నిలబడింది.

"ఆ కుండలోది మీకు చురుక్కుమని ముక్కులోకి ఎక్కిందన్నారు. తియ్యటి నీరా ఎలా ఎక్కిందండి?"

మధుబాబు మొహంలో రంగు మారింది. "ఏమో, నేను సరిగా... తియ్యగానే ఉందేమో. కంగార్లో ఏదో చెప్పుంటాను."

"రెండుసార్లు చెప్పారు, సంతకం కూడా పెట్టారు. సరే, తియ్యగానే ఉందనుకుందాం. తాగింది మాత్రం నిజమేనా?"

"తాగాను!"

"అయితే ఆ మందు మీ ఒంట్లోనూ ఉండాలి. ఈ రకం మందు జాడ మూత్రంలో నాలుగైదు రోజులుంటుంది. ఇవాళ బుధవారమే. ఎస్సైగారు మిమ్మల్ని ఇప్పుడే పరీక్షకు తీసుకెళ్తారు. జాడ దొరికితే నేను అందరి ముందూ మీకు క్షమాపణ చెప్తాను."

మధుబాబు రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు గానీ లేవలేదు.

"ఆ కుండ తాగనివాళ్ళు ఇక్కడ ఇంకా ఉన్నారు. ఫ్లోరెన్స్ తాగలేదని చెప్పింది. ఆకాష్ తాగలేదని చెప్పాడు. తాగకుండా తాగానని చెప్పాల్సిన అవసరం ఒక్కరికే ఉంది. అందులో ఏం కలిసిందో ముందే తెలిసినవాడికి, తనూ బాధితుణ్ణే అనిపించుకోవాల్సినవాడికి."

"అసలు నేనెందుకు చేస్తానండి! ఆయనకూ నాకూ ఏం గొడవుంది?"

"గొడవ జాడీలో ఉంది" అంది కరుణశ్రీ. "మూడు లీటర్ల ముప్ఫై ఏళ్ళ సారా నేలపాలైతే వీధి చివరకు తెలియాలి. ఒక్క మూత తీస్తేనే ముక్కు మూసుకునే ఫ్లోరెన్స్, దాన్ని తుడిచిన గుడ్డతో పొయ్యి గట్టు తుడిచింది. ఎందుకంటే ఆ జాడీలో ఉన్నవి నీళ్ళు."

ఆమె సైగ చేసింది. కృపారావు మిగిలిన మూడు జాడీల మైనం సీళ్ళు ఒక్కొక్కటీ పగలగొట్టి గ్లాసుల్లోకి వంచాడు. గోవా ఫెనీ ఉండాల్సిన జాడీలోంచి నీళ్ళు. జార్జియా దేశపు ద్రాక్షసారా ఉండాల్సిన దాంట్లోంచి చల్లారిన టీ డికాక్షను. మూడోదాంట్లోనూ నీళ్ళే. కృపారావు ఒక గ్లాసెత్తి వాసన చూసి, జీవితంలో మొదటిసారి సారా జాడీలోది ధైర్యంగా నోట్లో పోసుకున్నాడు.

"మంచినీళ్ళేనమ్మా. కాస్త మట్టి వాసన."

"నిరుడు రెండు నెలలు మీ రిసార్టులో ఉన్నవి ఈ నాలుగే" అంది కరుణశ్రీ. "పెద్దమనుషులొచ్చినప్పుడు స్పెషలని పోసి గొప్ప సంపాదించుకున్నారు, ఖాళీ అయిన జాడీలు నింపి మళ్ళీ మైనం సీలు వేశారు. కెప్టెన్ ఆ జాడీలు తెరవకపోవడం మీకు కలిసొచ్చింది. ఎందుకు తెరవట్లేదో మీకు తెలీదు. శనివారం ఆయన ఫోన్ చేసి, వచ్చే ఆదివారం అవమోరి తెరుస్తానన్నాడు. తెరిస్తే మీ పరువు పోతుంది. అదే తాగిన మత్తులో ఆయనే పగలగొట్టుకుంటే ఎవరికీ అనుమానం రాదు. అందుకని ఆయన పైకెళ్ళినప్పుడు కుండలో మాత్రలు కలిపారు. ఆయన కుర్చీలో జోగగానే జాడీ కిందకి తెచ్చారు."

మధుబాబు తల రెండు చేతుల్లో పెట్టుకున్నాడు.

"ఆయన్ని తోయాలనుకోలేదండి. సగం మెట్లు దిగేసరికి లేచి వచ్చాడు. 'నా జాడీ' అని పట్టుకున్నాడు. లాగాను. పడిపోయాడు. పెరటి దారిన పారిపోయాను. అవి మా అమ్మ మాత్రలు. పడుకుంటాడనుకున్నా, అంతే."

"పడిపోయిన మనిషిని వదిలేసి వెళ్ళారు. అది భయమనుకుందాం" అంది కరుణశ్రీ. మొదటిసారి ఆమె గొంతులో కోపం వినిపించింది. "ఆ తరవాత మూడు రోజులు ఆలోచించుకునే తీరిక దొరికింది మీకు. ఈ మనిషిని వదలకూడదని నాతోనే అన్నారు."

ఎస్సై సుందరయ్య దగ్గరికి వెళ్ళి, కానిస్టేబుళ్ళను పక్కకు తప్పుకోమన్నాడు. శరణ్య తండ్రి భుజం మీద తల పెట్టుకుని ఏడ్చేసింది. సుందరయ్య ఆమె వీపు నిమురుతూనే కరుణశ్రీ వైపు కాస్త నిష్ఠూరంగా చూశాడు.

"అందరి ముందూ చెప్పేశారమ్మా. పెద్దాయన ఏమనుకుంటాడో."

గురువారం తెల్లవారకముందే సుందరయ్య మోకు వేసుకుని చెట్లెక్కాడు. పన్నెండింటిలో ఏడు చెట్ల గెలలు ఎండి నల్లబడ్డాయి. అయిదు మిగిలాయి. ఆ సాయంత్రమే కెప్టెన్ కళ్ళు తెరిచాడని ఆకాష్ ఫోన్ చేశాడు. శుక్రవారం ఉదయం తండ్రీ కూతురూ తెనాలి వచ్చారు. కరుణశ్రీ, కృపారావు వాళ్ళను ఆసుపత్రి గదిలోకి తీసుకెళ్ళారు.

తలకు కట్టుతో కెప్టెన్ సగం వాలి కూర్చున్నాడు. ఆకాష్ జరిగిందంతా అప్పటికే చెప్పేశాడు. సుందరయ్య గుమ్మంలోనే ఆగి చేతులు కట్టుకున్నాడు.

"నేను చెప్పలేదండి. ఈ అమ్మగారే కనుక్కున్నారు."

"ఒరే సుందరయ్యా" అన్నాడు కెప్టెన్. గొంతు నీరసంగా ఉన్నా కోపం బాగానే తెలుస్తోంది. "కల్లు కాదు, నీరా అని ఒక్క మాటంటే పోయేదానికి నాలుగు రోజులు లాకప్పులో కూర్చున్నావట్రా?"

"ఒట్టు వేయించుకున్నారు గదండి."

"నా పరువు కాపాడమన్నాను. నీ పరువు తీసుకోమన్నానా?"

"అప్పుడంత వివరంగా చెప్పలేదండి మీరు."

కృపారావు దగ్గొచ్చినట్టు మొహం పక్కకు తిప్పుకున్నాడు. కెప్టెన్ కళ్ళలో నీళ్ళు తిరిగినా తుడుచుకోలేదు.

"ఆకాష్, ఆదివారం వచ్చేవాళ్ళకు ఫోన్ చెయ్యి. ఆసుపత్రికే రమ్మను. నేను తాగడం మానేసి ఏడాది దాటిందని చెప్పు. ఎందుకు మానేశానో, ఎన్నాళ్ళు దాచానో అన్నీ చెప్పు. నవ్వేవాళ్ళని నవ్వనీ. ఇందులో దాచాల్సిందేముందిరా, ఇన్నాళ్ళూ పిచ్చివాడిలా దాచాను."

సుందరయ్య ఆ మాటలన్నీ శ్రద్ధగా విన్నాడు. ఏదో లెక్క చూసుకుంటున్నట్టు వేళ్ళు ముడిచి, నెమ్మదిగా అన్నాడు.

"ఆ మాటేదో పోయిన శనివారం చెప్పుంటే నా ఏడు చెట్లు బతికేవి గదండీ."

కెప్టెన్ రమ్మని చెయ్యి చాచాడు. సుందరయ్య మంచం దగ్గరికి వచ్చాక కాయలు కాచిన ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని గుండెల మీద పెట్టుకున్నాడు. సుందరయ్యకు పదకొండింటి బస్సుకు వెళ్ళి చెట్లు చూసుకోవాల్సి ఉంది. అయినా చెయ్యి వెనక్కి తీసుకోలేదు.